పల్లం చూసి ఆపే మనిషి

మా ఆయన తండ్రి, మా మామయ్య పోయారన్న కబురు నాకు బస్సు కండక్టరు చెప్పాడు. పోయిన నెల ఒక సోమవారం బడిలో ప్రార్థన ముగిసి పిల్లలు తరగతుల్లోకి వెళ్తున్నారు. చర్ల నుంచి వచ్చే బస్సు మా గేటు ముందు ఆగింది. కండక్టరు ఫుట్‌బోర్డు మీద నుంచే, "టీచరమ్మా, మీ మామ పొద్దుగాల పోయిండు. జల్దీ రమ్మన్నరు" అని కేకేశాడు. బస్సు వెళ్లిపోయింది. నేను హాజరు పట్టీ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. నిజం చెప్పాలంటే అప్పటికప్పుడు ఏడుపు రాలేదు. ఇప్పుడు చర్ల ఎలా వెళ్లాలి అన్నదే మొదట తోచింది. ఆ రోడ్డు మీద ఏళ్ల తరబడి నా మొదటి ఆలోచన ఎప్పుడూ అదే.

ఇల్లు చేరేసరికి ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. పక్క పాకలో ఆయన జీపు. ఎవరో మహానుభావుడు దానికి కూడా ఒక బంతిపూల దండ వేశాడు. చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. "బండి మీద పానం పెట్టిన మనిషి" అని పక్కన ఎవరో ముక్కు చీదుకుంటూ అంటున్నారు. ఆ బండి మా అందరి ప్రాణం ఎలా తోడిందో చెప్పడానికి అది సమయం కాదు గనక నోరు మూసుకున్నాను. ఇప్పుడు చెప్తాను. మనిషి పోయాడని బండికి పూలు చుట్టే రకం కాదు నేను. ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

ఆ జీపును మామయ్య ఒక తునికాకు కాంట్రాక్టరు దగ్గర కొన్నారు. బీడీల ఆకు మోసీ మోసీ దాని పని అయిపోయాక, ఇక అడవిలో వదిలేసి పోదామని అతను అనుకుంటున్నప్పుడు కొన్నారు. నాలుగెకరాల మిర్చి, వరి మీద నడిచే ఇంట్లో కొత్త బండి అన్న మాటే లేదు. ఆ దారిన అప్పట్లో రోజుకు రెండు బస్సులు. వానలు పడితే అవీ నమ్మకం లేదు. మిర్చి బస్తాలు భద్రాచలం చేరాలన్నా, అత్తయ్యను దవాఖానాకు తీసుకెళ్లాలన్నా, చుట్టాల ఇంటికి పోవాలన్నా ఆ జీపే దిక్కు. సంత రోజున నలుగురిని ఎక్కించుకుంటే పెట్రోలు ఖర్చు వెళ్లేది. మంచి బ్యాటరీ కొనే స్తోమత మాత్రం ఏ ఏడూ రాలేదు.

ఆ ముసలి బ్యాటరీకి సెల్ఫ్ తిప్పే బలం లేదు. ముందు నుంచి హ్యాండిలు పెట్టి తిప్పబోతే ఒకసారి అది వెనక్కి తన్ని ఆయన మణికట్టు విరిగింది. ఇక మిగిలింది ఒకటే దారి, బండిని ఎప్పుడూ పల్లంలో ఆపడం. వెళ్లేటప్పుడు బ్రేకు వదిలితే అదే దొర్లుతుంది. దొర్లుతుండగా గేరు వేస్తే ఇంజను రెండుసార్లు దగ్గి లేస్తుంది. చదును నేల మీద ఆపితే మాత్రం తోయడానికి నలుగురు మనుషులు కావాలి.

అందుకని మామయ్య ఎక్కడికి వెళ్లినా మనుషులను కాదు, నేల వాలును చూసేవారు. ఆయన రోజూ టీ తాగే కొట్టులో టీ కుడితి నీళ్లలా ఉండేది. కానీ కొట్టు దిగుడులో ఉంది. సొంత చెల్లెలి వీధి చదునుగా ఉందని ఆ ఇంటికి రెండేళ్లు పోలేదు. ఆవిడ అన్నకు కోపం వచ్చిందని ఏడ్చి, కబురు మీద కబురు పంపి, చివరికి తనే వచ్చింది. "పల్లం చూసి ఆపాలె బిడ్డా, పని చూసి కాదు" అని నాకు కూడా చెప్పేవారు, ఏదో పెద్ద విద్య నేర్పుతున్నట్టు.

నా పెళ్లిచూపులే ఆ పల్లం గొడవతో మొదలయ్యాయి. మాది వైరా. చెరువు కింద పొలాలు, బల్లపరుపు నేల. ఆ రోజు మా నాన్న గుమ్మంలో చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడ్డాడు. పెళ్లివారి జీపు పొగ కక్కుకుంటూ మా వీధిలోకి వచ్చింది. మా ఇంటి ముందు నెమ్మదించింది. అందులోంచి ఒక పెద్దాయన తల బయటికి పెట్టి వీధిని ఈ చివర నుంచి ఆ చివరకు చూసి, తల అడ్డంగా ఊపాడు. జీపు ఆగకుండా వెళ్లిపోయింది. ఇల్లు నచ్చక పోయారని మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాన్న చెంబు పట్టుకునే వెనకాల పరిగెత్తాడు. తీరా చూస్తే జీపు వైరా చెరువు కట్ట మీదికి ఎక్కే ఏటవాలులో ఉంది. కాబోయే వియ్యంకుడు దాని చక్రాల కింద రాళ్లు పెడుతున్నారు. నాన్నను చూసి ఆయన మొదట అన్న మాట, "బావగారూ, మీ వీధి గింత చదునుగ ఉన్నదేంది?" నాన్న చెంబు పట్టుకునే క్షమించమన్నాడు.

పెళ్లయి ఆ ఇంటికి వెళ్లాక ఆ జీపంటే నాకు రోత పుట్టింది. రోత అన్న మాట ఊరికే వాడటం లేదు. సీట్లు చిరిగి లోపలి కొబ్బరి పీచు చీరకు అంటుకునేది. కోళ్లు అందులోనే పడుకునేవి. పొద్దున ఎవరు ముందు ఎక్కితే వాళ్లు తుడవాలి. సంత రోజు ఎండు చేపల గంపలు, ఇప్పపూల మూటలు, మలుపుల్లో కక్కుకునే పిల్లలు, అందరూ అన్నీ వెనక భాగంలోనే. నేల రేకుకు పడ్డ చిల్లులోంచి పొగ నేరుగా ముఖానికి కొట్టేది. బండిలోని పెట్రోలు పంపు పాడైతే బాగు చేయించకుండా, స్టీరింగు పక్కన ఒక డబ్బా ఎత్తుగా వేలాడదీసి దానికి గొట్టం తగిలించారు. గొట్టంలో గాలి చేరినప్పుడల్లా నోటితో పీల్చి, గుక్కెడు పెట్రోలు రోడ్డు మీద ఉమ్మి, అదే నోటితో "జామకాయ తింటవా బిడ్డా?" అని అడిగేవారు. నేను ముఖం తిప్పుకునేదాన్ని. భద్రాచలంలో బట్టల కొట్లో కూర్చుంటే పక్కనున్న ఆడవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నన్నే చూసేవాళ్లు. తలంటి పోసుకుని కట్టుకున్న ఉతికిన చీరే. వాసన మాత్రం జీపుది.

అది ఆగిపోయినప్పుడు ఆయన తీరు ఇంకా కంపరం. మేము చెమటలు కక్కుతుంటే ఆయన గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించేవారు. "ఆగలే బిడ్డా, ఊపిరి తీసుకుంటున్నది" అనేవారు. నేను పళ్లు కొరుక్కుంటూ వెనక నుంచి తోస్తూ, గొణుగుతూ, ఒక్కోసారి గట్టిగానే అనేసేదాన్ని. ఆయనకు కోపం వచ్చేది కాదు. "తిట్టు బిడ్డా, గానీ తోసుకుంట తిట్టు" అనేవారు. ఆ మాటకు మా ఆయన నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు.

ఇక నా ఉద్యోగం సంగతి. టీచరు ట్రైనింగు చేసి మూడేళ్లు ఎదురుచూశాను. ఎనభైల నడుమ ఒక కార్తీక మాసంలో తుఫాను వానలకు దారులు తెగి, ఆర్డరు కాగితం ఆలస్యంగా ఇల్లు చేరింది. భద్రాచలం ఆఫీసులో చేరడానికి మర్నాడే ఆఖరి రోజు. సాయంత్రం ఐదింటి లోపు అక్కడ సంతకం పెట్టకపోతే ఆ పోస్టు నా తర్వాతి మనిషికి పోతుంది. ఆ ఏడు మిర్చికి తెగులు తగిలి చేలో ఏమీ మిగల్లేదు. ఇంట్లో నెలనెలా వచ్చే జీతం అనేది అప్పటిదాకా ఎవరూ ఎరగరు. మా ఆయన వరికి కొట్టే మందుల కోసం ఖమ్మం వెళ్లి వానల్లో అక్కడే చిక్కుకున్నాడు. బస్సులు బందు. "నేనున్న కదా, బండి ఉన్నది కదా" అన్నారు మామయ్య. నేను దేవుడి పటానికి దండం పెట్టుకున్నాను.

పొద్దున తొమ్మిదింటికి బయల్దేరాం. నాకున్న ఒకే ఒక పట్టుచీర కట్టుకున్నాను. దుమ్ముగూడెం దాకా బండి చిత్రంగా బాగానే నడిచింది. అది దాటి కొంత దూరం పోయాక రోడ్డు పక్కన ముత్యాలమ్మ గద్దె ఉంది. ఆ దారిన పోయే ఏ బండీ అమ్మవారికి మొక్కకుండా పోదు. డ్రైవర్లు దిగి కొబ్బరికాయ కొడతారు. మామయ్య మాత్రం ఎప్పుడూ దిగేవారు కాదు. అక్కడ నేల చదును. బండి నడుస్తుండగానే ఒక నాణెం విసిరి, చెంపలేసుకుని పోయేవారు. అమ్మవారికి తన బండి సంగతి తెలుసునని చెప్పేవారు.

ఆ రోజు మాత్రం ఆయన అక్కడ బండి ఆపారు. ఆయన సీటు కింద నుంచి కొబ్బరికాయ తీశారు.

"వద్దు మామయ్యా, ఇక్కడ ఆపకండి" అన్నాను.

"ఇంజను బందు చేయను బిడ్డా. నీ నౌకరీ కదా. నాణెం ఇసిరేసి పోతే ఏం బాగుంటది? ఒక్క నిమిషం" అన్నారు.

ఆయన కాయ కొట్టి, ఒక చిప్ప గద్దె మీద పెట్టి, రెండో చిప్ప నాకోసం పట్టుకుని తిరిగేసరికి ఇంజను ఒక్కసారి వణికి ఆగిపోయింది. వాన మొదలైంది. చుట్టుపక్కల మనిషి లేడు. ఇద్దరం తోశాం. నా పట్టుచీర మోకాళ్ల దాకా బురద అయింది. ఒక చెప్పు బురదలో దిగబడిపోయింది. బండి కదల్లేదు. గడియారంలో ఒంటిగంట అయింది, రెండు అయింది. నాకు ఏడుపు, కోపం, అసహ్యం అన్నీ కలిసి వచ్చాయి. ఆ వానలో నిలబడి ఆయన ముఖం మీదే అన్నాను.

"ఏంది మామయ్యా ఇది? మీ బండి వల్ల నా బతుకు పోయింది. ఒకవేళ వెళ్లినా మీరు మాత్రం నా వెంట ఆఫీసుకు రావద్దు. ఈ కంపుతో, ఈ అవతారంతో మీరు పక్కన నిలబడితే నాకు తలవంపులు."

ఆయన రోడ్డు వంక తిరిగారు. చేతిలో కొబ్బరి చిప్ప అలాగే ఉంది.

కాసేపటికి పేపరు మిల్లుకు వెదురు తీసుకెళ్లే లారీ వచ్చింది. మామయ్య రోడ్డుకు అడ్డంగా నిలబడి ఆపారు. లోపల డ్రైవరు పక్కన ఇద్దరు కూలీ ఆడవాళ్లు, ఒళ్లో వెదురు నరికే కత్తులతో కూర్చుని ఉన్నారు. ఇంకొకరికి మాత్రమే చోటుంది. మామయ్య అవతలి వైపు వెళ్లి డ్రైవరుతో ఏదో మాట్లాడారు. తిరిగొచ్చి నన్ను చేయి పట్టి ఎక్కించారు. "పో బిడ్డా. ఇంకా టైమున్నది. నేను బండి కాడ ఉంట" అన్నారు. లారీ కదిలాక పక్క అద్దంలో జీపు కనపడింది. ఆయన కనపడలేదు. అప్పుడే బండి కింద దూరి ఉంటారనుకున్నాను. ముక్కూ మొహం తెలియనివాళ్ల లారీలో కోడలిని ఎక్కించి, ఎవరూ ఎత్తుకుపోని ఆ ఇనుప ముక్కకు కాపలా ఉన్నారని నాకు మండిపోయింది.

ఐదుకు ఇంకా చాలా సేపు ఉండగానే ఆఫీసు చేరాను. సంతకం పెట్టాను. అటు నుంచి అటే, నాలాగే కొత్తగా చేరిన మరో టీచరుతో కలిసి బడికి వెళ్లిపోయాను. శనివారం ఇల్లు చేరితే మా ఆయన చెప్పాడు. అతను ఖమ్మం నుంచి మర్నాడు పొద్దున వస్తుంటే, మామయ్య గద్దె దగ్గర జీపులోనే కూర్చుని ఉన్నారట, బట్టలు తడిసి ముద్దయి, జ్వరంతో. "బండిని వదిలిపెట్టలేదు చూడు" అన్నాడు. నాకు జాలి కలగలేదు.

ఆ కథను నేను పధ్నాలుగేళ్లు చెప్పాను. మా బడిలో టీచర్లకు చెప్పాను. మా చెల్లెలి పెళ్లిలో వంటల దగ్గర చెప్పాను. ఎవరైనా కొత్త చుట్టం వస్తే మామయ్య ఎదుటే చెప్పేదాన్ని. "కోడలిని లారీ ఎక్కించి జీపుకు కాపలా పడుకున్న మామను ఎక్కడైనా చూశారా?" అని ముగిస్తే అందరూ పగలబడి నవ్వేవాళ్లు. మామయ్య అందరికంటే గట్టిగా నవ్వేవారు. "అవ్ మరి, కోడలు మళ్ల వస్తది, బండి పోతే వస్తదా?" అని తను కూడా ఒక మాట కలిపేవారు. నా మొదటి జీతాలతో కొత్త బ్యాటరీ కొన్నాం. అయినా సోమవారాలు నన్ను దింపడానికి వచ్చినప్పుడు బడికి చాలా ముందే, దిగుడులో, చెట్ల చాటున ఆపేవారు. అలవాటు చావదని విసుక్కుంటూ మిగతా దూరం నడిచేదాన్ని.

పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర కూడా అదే కథ ఎత్తుకున్నాను. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను. ఏడ్చి ఏడ్చి అందరి ముఖాలూ వాడిపోయి ఉన్నాయి, కాస్త నవ్విద్దామనుకున్నాను. పప్పు వడ్డిస్తూ మొదలుపెట్టాను. కాపలా దగ్గరకు వచ్చేసరికి బంతిలో నవ్వులు లేచాయి. చివర కూర్చున్న ఒక ముసలాయన మాత్రం నవ్వలేదు. దుమ్ముగూడెం నుంచి వచ్చారు, మామయ్య స్నేహితుడని మాత్రమే ఎరుగుదును. ఆయన విస్తట్లో చేయి ఆపి, "అమ్మా, ఆ లారీ నాదే, నేనే నడిపిన" అన్నారు.

నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను.

"మీ మామ బండి కాడ ఉండలే. లోపట జాగ లేదని పైన వెదురు మీదికి ఎక్కిండు. తాడు పట్టుకొని బోర్ల పడుకున్నడు, భద్రాచలం దాక. వాన దంచుతున్నది. నా గోనె సంచి ఇస్తే నెత్తిన కప్పుకున్నడు. తెల్వనోళ్ల బండిల కోడలినెట్ల ఒంటరిగ పంపుత అన్నడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పకు అన్నడు. నేను ఎంట వస్తే పిల్లకు నామోషీ, దానికి కనపడొద్దు అన్నడు. నువ్వు దిగినంక ఎనక నుంచి దిగిండు. నేను మిల్లుల లోడు దించి మళ్ల వచ్చేదాక ఆఫీసుకు ఎదురుంగనే నిలబడ్డడు. సంతకం పెట్టింది, కిటికీల నుంచి చూసిన అని చిన్నపోరని లెక్క సంబురపడ్డడు. తిరుగు లారీల తెచ్చి జీపు కాడ నేనే దించిన. అప్పటి సంది దోస్తులమైనం."

అత్తయ్య వంక చూశాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "నాకెరికే" అంది. "చెప్త అంటే వద్దన్నడు. చెప్పుకొని నవ్వుతది కదా, నవ్వనీ అన్నడు."

ఇన్నేళ్లూ ఆ జీపు కంపు గురించి చెప్పినదాన్ని, ఆ రోజు నా నోరంటే నాకే అసహ్యం వేసింది. ఎన్ని పెళ్లిళ్లలో, ఎంతమంది ముందు, ఆయన వింటుండగా. సోమవారాలు చెట్ల చాటున ఆపింది పల్లం కోసమేనా అన్న అనుమానం కూడా ఇప్పుడు పట్టుకుంది. అడుగుదామంటే మనిషి లేరు. ఈ నాలుగు మాటలు రాస్తున్నది ఆయన్ని పొగడటానికి కాదు. నేను ఆ కథ చెప్పగా విన్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు దిద్దుబాటు చెప్పుకోవాలి.

ఆ ఆఫీసు గది నాకు బాగా గుర్తుంది. కిటికీ పక్కన బల్ల. నా కాగితం చెమ్మగిల్లి ఇంకు పాకుతుంటే గుమస్తా నెమ్మదిగా రాయమన్నాడు. సంతకం అయ్యాక తల ఎత్తి బయటికి చూశాను. రోడ్డుకు అవతల టీ కొట్టు చూరు కింద నలుగురైదుగురు మగవాళ్లు వాన తగ్గేదాకా ఆగి ఉన్నారు. నెత్తిన గోనె సంచి కప్పుకున్న ఒకతను మాత్రం వాళ్లను దాటి వానలోకి వచ్చి, మెడ సాచి ఇటే చూస్తున్నాడు. పనీపాటా లేనివాడెవడో ఆడవాళ్ల వంక చూస్తున్నాడనుకున్నాను. అసహ్యం వేసి కిటికీ రెక్క మూసేశాను.